జెట్ లీ ఎవరిని ఓడించాడు?

హాస్టల్ రోజుల్లో వీసీడీలు అద్దెకు తెచ్చుకుని చూసేటప్పుడు మా మధ్య ఒక ప్రశ్న ఎప్పుడూ నడిచేది. కుంగ్‌ఫూ సినిమాల హీరో జెట్ లీ ఐదుసార్లు చైనా వుషు నేషనల్ ఛాంపియన్ అంటారు కదా, మరి ఫైనల్లో ఎవరిని కొట్టాడు? అక్కడి నుంచి బ్రూస్ లీతో తలపడితే ఎవరు గెలుస్తారన్న వాదనలోకి వెళ్లేవాళ్లం. అది అర్ధరాత్రి దాటినా తెగేది కాదు. చాలా ఏళ్ల తర్వాత వుషు పోటీలు ఎలా జరుగుతాయో తెలుసుకున్నాక విషయం బోధపడింది. జెట్ లీ ఏ ఫైనల్లోనూ ఎవరినీ కొట్టలేదు. ఆ ఐదు టైటిళ్లలో ఒక్కదానికైనా ఎదుటి మనిషి మీద నిజంగా దెబ్బ పడాల్సిన పనే లేదు.

ఈ మాట చెబితే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. "అంటే ఉత్త డాన్సేనా?" అంటారు. కాదు. అసలు ఆయన కెరీర్ అంతా అర్థం కావాలంటే ముందు ఈ ముడి విప్పుకోవాలి. ఆయన అంత తొందరగా స్టార్ ఎందుకయ్యాడు, కాళ్లు ఎందుకు దెబ్బతిన్నాయి, హాలీవుడ్ పిలిచి ఇస్తానన్న పెద్ద అవకాశాన్ని ఎందుకు కాదన్నాడు అన్నవాటికి జవాబులు అక్కడే ఉన్నాయి.

వుషు అంటే చైనా యుద్ధకళలన్నిటికీ కలిపి పెట్టిన పేరు. ఆటగా చూస్తే అందులో రెండు దారులున్నాయి. ఒకటి సాండా. గ్లవ్స్ తొడుక్కుని, ఎదుటివాడిని గుద్ది, తన్ని, పట్టి పడేసే పోటీ ఇది. ఆసియా క్రీడల్లో భారత్‌కు వచ్చిన వుషు పతకాలు సాండావే. 2023లో హాంగ్‌జౌలో మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి గెలిచిన రజతం కూడా అందులోదే. రెండోది టావోలు. ఇందులో ఆటగాడు ఒక్కడే బరిలోకి దిగి, ముందే కట్టుకున్న వరసను చేసి చూపిస్తాడు. జడ్జీలు మార్కులు వేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే విభాగం ఒకటుంది గానీ అందులోనూ ప్రతి దెబ్బా ముందే అనుకున్నదే. జెట్ లీ టావోలు ఆటగాడు.

మన దగ్గర కర్రసాము చూసినవాళ్లకు ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది. జాతరలో ఒక పెద్దాయన కర్ర తిప్పుతుంటే గాలి కోసుకుపోతున్న చప్పుడు వినిపిస్తుంది, చుట్టూ ఉన్న జనం తమంతట తామే రెండడుగులు వెనక్కి జరుగుతారు. అక్కడ ఎవరూ కొట్టుకోవడం లేదు. అయినా ఆయన చేతిలో ఉన్నది ఆటబొమ్మ కాదని అందరికీ తెలుసు.

టావోలు పోటీని కాస్త దగ్గర నుంచి చూద్దాం. కార్పెట్ 14 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆటగాడు వచ్చి కుడి పిడికిలిని ఎడమ అరచేతికి ఆనించి జడ్జీలకు నమస్కరిస్తాడు. ఉత్తర చైనా పద్ధతి అయిన చాంగ్‌చువాన్ చేస్తుంటే వరస కనీసం 1 నిమిషం 20 సెకన్లు సాగాలి. నాలుగడుగులు పరుగెత్తి గాల్లోకి లేస్తాడు. గాల్లోనే సుడిగాలిలా ఒక చుట్టు తిరుగుతూ, ఎగిరిన అరికాలిని అరచేత్తో ఫట్‌మని కొడతాడు. నేల మీదికి దిగడం, గుర్రం మీద కూర్చున్నట్టు రెండు తొడలూ నేలకు సమాంతరంగా ఉంచి బిగుసుకుపోవడం ఒకేసారి జరగాలి. పాదం కొద్దిగా జరిగినా మార్కు కోత, నడుం ఊగినా కోత. ఇప్పటి రూల్స్ ప్రకారం మొత్తం 10 మార్కుల్లో కదలికల నాణ్యతకు 5, మొత్తం ప్రదర్శనకు 3, కష్టమైన విన్యాసాలకు 2. జెట్ లీ కాలంలో పద్దులు వేరుగా ఉండేవి, ఆట తత్వం మాత్రం ఇదే. విసురుగా కదలాలి, ఠక్కున ఆగాలి, ఆ ఆగిన క్షణంలో బొమ్మలా కనిపించాలి.

సినిమా కెమెరాకు కావాల్సింది కూడా సరిగ్గా ఇదే. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

యుద్ధకళను చైనా ఇలా మార్కుల ఆటగా ఎందుకు మార్చింది? 1949కి ముందు పరిస్థితి వేరు. 1928లో నాన్‌జింగ్‌లో జాతీయ స్థాయి పోటీలు పెట్టినప్పుడు దెబ్బలు ఎంత దారుణంగా తగిలాయంటే, చివరి అంచె ఆడిస్తే ప్రాణాలు పోతాయని ఆపేశారు. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక వుషును ప్రజల ఆరోగ్యానికీ దేశ ప్రతిష్ఠకూ పనికొచ్చే క్రీడగా మలచాలనుకుంది. గురువుకొకటి, ఊరికొకటిగా ఉన్న పద్ధతులను కలిపి 1950ల్లో ఉమ్మడి వరసలు తయారుచేశారు. 1958లో చైనా వుషు సంఘం ఏర్పడింది. కొట్టుకునే పోటీలు ఆగిపోయాయి. మళ్లీ 1979లో ప్రయోగాత్మకంగా మొదలయ్యేదాకా ఆ ఊసే లేదు. మధ్యలో సాంస్కృతిక విప్లవం వచ్చి పాత గురువుల్లో ఎందరినో అవమానాల పాలు చేసింది. అంటే జెట్ లీ పెరిగిన కాలంలో చైనాలో వుషు ఛాంపియన్ కావాలంటే టావోలు తప్ప వేరే దారే లేదు. ఫైటింగ్ వద్దనుకుని ఆయన దీన్ని ఎంచుకోలేదు, ఎంచుకోవడానికి అక్కడ రెండోది లేదు.

ఆయన అసలు పేరు లీ లియాన్‌జియే. 1963 ఏప్రిల్ 26న బీజింగ్‌లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు. రెండేళ్ల వయసులో తండ్రి పోయాడు. 1971 వేసవి సెలవుల్లో, ఎనిమిదేళ్లప్పుడు, పిల్లలు వీధుల వెంట తిరగకుండా ప్రభుత్వం నడిపే క్రీడా పాఠశాలకు పంపారు. అక్కడ ఏ పిల్లవాడు ఏ ఆట నేర్చుకోవాలో టీచర్లే నిర్ణయించేవారు. ఈయన వంతుకు వుషు వచ్చింది.

కోచ్ పేరు వూ బిన్. ఈయన గురించి రెండు మాటలైనా చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పిల్లవాడిలో చురుకుదనం ఉంది గానీ ఒంట్లో సత్తువ లేదని ఆయన గమనించాడు. ఆ ఇంట్లో మాంసం వండుకునే స్తోమత లేదు. దాంతో కోచే మాంసం కొని ఆ ఇంటికి తీసుకెళ్లేవాడు. అదే వూ బిన్ చేతి కింద బీజింగ్ వుషు టీమ్ దేశంలోనే గట్టి జట్టయింది. తర్వాత సినిమా హీరోలైన ఇద్దరిలో డానీ యెన్ అమెరికా నుంచి వచ్చి సాధన చేసింది, వూ జింగ్ చిన్నప్పటి నుంచి పెరిగింది ఆ జట్టులోనే. మనం జెట్ లీ అనగానే ఒక్క మనిషిని తలుచుకుంటాం. ఆ మనిషి వెనక ఒక వ్యవస్థ ఉంది, ఆ వ్యవస్థలో పిల్లవాడి కంచంలోకి మాంసం ముక్క చేర్చిన గురువు ఉన్నాడు.

1972లో జినాన్ నగరంలో పోటీలు మళ్లీ మొదలయ్యాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడు అక్కడ ప్రతిభా పురస్కారం తెచ్చుకున్నాడు. 1974లో జట్టుతో కలిసి అమెరికా వెళ్లి వైట్‌హౌస్ లాన్‌లో అధ్యక్షుడు నిక్సన్ ముందు ప్రదర్శన ఇచ్చాడు. పెద్దయ్యాక నా బాడీగార్డుగా ఉంటావా అని నిక్సన్ సరదాగా అడిగితే, ఒక్క మనిషిని కాదు, చైనా ప్రజలందరినీ కాపాడాలనుకుంటున్నానని పదకొండేళ్ల పిల్లవాడు జవాబిచ్చాడు. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. 1974 నుంచి 1979 వరకు ఐదుసార్లు జాతీయ ఆల్‌రౌండ్ ఛాంపియన్ అయ్యాడు. ఆల్‌రౌండ్ అంటే ఒక్క చేతి వరస చేస్తే సరిపోదు. కత్తి, కర్ర లాంటి ఆయుధాలూ జోడీ విభాగమూ కలిపి అన్నిటి మార్కులు చూస్తారు. పన్నెండేళ్ల వయసులో పెద్దవాళ్లతో పోటీ పడుతూ, వరస మధ్యలో తన కత్తే తలకు తగిలి రక్తం కారుతుంటే చెమట అనుకుని చివరిదాకా చేశానని తర్వాత చెప్పాడు.

ఉత్త డాన్సేనా అని అడిగేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను.

పదిహేడు పద్దెనిమిదేళ్లకు పోటీల నుంచి తప్పుకుని సినిమాలోకి వచ్చాడు. హాంకాంగ్ దర్శకుడు చాంగ్ సిన్-యెన్ చైనా గడ్డ మీద తీసిన 'షావోలిన్ టెంపుల్' 1982లో విడుదలైంది. అందులో హీరో ఒక్కడే కాదు, ముఖ్యమైన పాత్రలు చేసిన యూ హై, యూ చెంగ్‌హుయీ లాంటివాళ్లూ వుషు మనుషులే. అందుకే ఆ సినిమాలో ఫైట్లు ఇప్పటికీ వేరేగా కనిపిస్తాయి. కెమెరా దూరంగా ఉంటుంది. మనిషి నెత్తి నుంచి పాదం దాకా ఫ్రేములో ఉంటాడు. పది పన్నెండు కదలికలు కట్ లేకుండా వస్తాయి. నటుడికి ఫైట్ రాకపోతే దర్శకుడు కెమెరాను దగ్గరికి తెచ్చి, ముక్కలు ముక్కలుగా కట్ చేసి కప్పిపెట్టాలి. ఇక్కడ కప్పిపెట్టాల్సిందేమీ లేదు. 14 మీటర్ల కార్పెట్ మీద జడ్జీల చూపు కింద పెరిగిన మనిషికి దూరంగా ఉన్న కెమెరా అంటే భయమెందుకు?

సినిమా చైనా అంతటా ఊళ్లకు ఊళ్లను కదిలించింది. శిథిలావస్థలో ఉన్న షావోలిన్ ఆలయానికి జనం బారులు తీరారు. ఇంట్లోంచి పారిపోయి అక్కడికి చేరిన పిల్లలెందరో. ఆలయమున్న డెంగ్‌ఫెంగ్ ఇవాళ కుంగ్‌ఫూ బడుల ఊరుగా మారిందంటే అందులో ఈ సినిమా వాటా పెద్దది. మరి హీరోకి ఏం ముట్టింది? రోజుకు ఒక యువాన్. ఆయన ప్రభుత్వ జట్టు మనిషి, దానికి తగ్గట్టే భత్యం. అదే సెట్‌లో హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్ల జీతాలు వేరు. 'జెట్' అన్న పేరు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో సినిమా విడుదల చేసినవాళ్లు అసలు పేరు జనం నోరు తిరగదని, కెరీర్ విమానంలా లేస్తోందని అలా పెట్టారు.

పేరు లేచినంత వేగంగా కెరీర్ లేవలేదు. తర్వాతి రెండు షావోలిన్ సినిమాలు, తనే దర్శకత్వం వహించిన ఒక సినిమా, మధ్యలో కాలికి పెద్ద దెబ్బ, జీతాల తేడా మీద లోపల రగిలిన బాధ, ఆపైన 1988లో అమెరికా ప్రయాణం, అక్కడ పెద్దగా ఆడని సినిమాలు. 1990 వచ్చేసరికి ఇరవై ఏడేళ్ల జెట్ లీ పని అయిపోయిందనుకున్నవాళ్లే ఎక్కువ.

అప్పుడు హాంకాంగ్ దర్శకుడు సుయ్ హార్క్ వచ్చాడు. 1991లో వచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా' దక్షిణ చైనా ఆరాధించే వైద్యుడు, యోధుడు వాంగ్ ఫే-హుంగ్ కథ. మేం వీసీడీ వెనక్కి తిప్పి తిప్పి చూసిన ఫైట్ అందులోనిదే. గోదాములో నిచ్చెనల మీద ఫైట్. హీరో, ప్రతినాయకుడు ఇద్దరూ వెదురు నిచ్చెనల మీద నిలబడి, వాటినే కాళ్లుగా చేసుకుని ఊగుతూ, ఒకరి నిచ్చెన నుంచి ఇంకొకరి నిచ్చెన మీదికి దూకుతూ కొట్టుకుంటారు. మన సినిమావాళ్లు రోప్ షాట్ అంటారే, అవన్నీ అవే.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 'షావోలిన్ టెంపుల్' పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. సుయ్ హార్క్ బోలెడు కట్‌లు వేశాడు, రోప్‌లు వాడాడు, కెమెరాను వంకర పెట్టాడు. నిజంగా ఫైట్ వచ్చిన మనిషికి ఇవన్నీ ఎందుకు? దీని మీద అభిమానుల మధ్య ఇప్పటికీ గొడవే. నా మట్టుకు నాకు జవాబు ఆ ఫైట్‌లోనే కనిపిస్తుంది. రోప్ ఎవరినైనా గాల్లోకి లేపుతుంది. గాల్లో ఉన్నప్పుడు నడుం నిటారుగా, కాలి వేలి కొస దాకా బిగువుగా ఉంచడం రోప్ చేసే పని కాదు. రోప్ మీద మామూలు నటుడు బావిలోంచి తోడుతున్న బకెట్‌లా వేలాడతాడు. జెట్ లీ మాత్రం తనంతట తానే ఎగిరినట్టుంటాడు. దిగాక ఆగే తీరులో ఆ పాత కార్పెట్ కనిపిస్తుంది.

రెండో విషయం అభిమానిగా నాకు మొదట మింగుడు పడలేదు. ఆ షూటింగ్‌లో ఆయన కాలికి దెబ్బ తగిలింది. నిచ్చెనల ఫైట్‌లో చాలా షాట్‌లు డూప్ చేసినవి. ఆ డూప్ హుంగ్ యన్-యన్. ఆయన కూడా వుషు జట్టు నుంచి వచ్చినవాడే. తర్వాత 1993లో ఇదే వరుసలోని మూడో భాగంలో కుంటికాలి ఫైటర్‌గా తెర మీద తన ముఖంతోనే కనిపించాడు. వరుస మొత్తం ఆ తోవలోనే నడిచింది. 1992లో రెండో భాగంలో జెట్ లీ ఎదుట నిలబడింది డానీ యెన్. నాలుగు, ఐదు భాగాల్లో వాంగ్ ఫే-హుంగ్ పాత్రలోకి వచ్చింది విన్సెంట్ జావో, ఆయనా వుషు ఛాంపియనే. హీరో, విలన్, డూప్, హీరో స్థానంలోకి వచ్చిన కొత్త హీరో, అందరూ ఆ క్రీడా వ్యవస్థతో ఏదో ఒక ముడి ఉన్నవాళ్లే. హాంకాంగ్ సినిమాకు కావాల్సిన మనుషులను చైనా క్రీడాశాఖ తనకు తెలియకుండానే తయారుచేసి పెట్టింది.

1994లో 'ఫిస్ట్ ఆఫ్ లెజెండ్' వచ్చింది. బ్రూస్ లీ చేసిన కథనే మళ్లీ తీశారు. ఫైట్ మాస్టర్ యువెన్ వూ-పింగ్. రోప్‌లు తక్కువ, నేల మీద ఫైట్లు ఎక్కువ. బ్రూస్ లీ కొడితే ఎదుటివాడి మీద కోపం కనిపిస్తుంది. జెట్ లీ కొడితే తన మీద తనకున్న అదుపు కనిపిస్తుంది. మా హాస్టల్ వాదన తెగకపోవడానికి కారణం ఇదేనేమో. ఒకరు కొట్లాటను సినిమాలోకి తెచ్చారు, ఇంకొకరు వరసను తెచ్చారు. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం?

హాలీవుడ్ అధ్యాయం మీద నాకు అంత మక్కువ లేదు. 1998లో 'లెథల్ వెపన్ 4'లో విలన్, 2000లో 'రోమియో మస్ట్ డై'లో హీరో. ఆ రెండో సినిమా పేరులోనే రోమియో ఉన్నా, చివర్లో హీరో హీరోయిన్ల ముద్దు తీసేసి కౌగిలింతతో సరిపెట్టారు. ఆసియా హీరోను అక్కడ ఏ గీత దగ్గర ఆపారో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఆ రోజుల్లోనే వచ్చింది 'మ్యాట్రిక్స్' తర్వాతి భాగాల్లో వేషం. పెద్ద సినిమా, మంచి డబ్బు. ఆయన వద్దన్నాడు. కారణం 2018లో ఒక ఇంటర్వ్యూలో బయటపెట్టాడు. నటనకు కొన్ని నెలలు చాలు. మిగతా నెలల్లో ఆయన కదలికలన్నిటినీ కంప్యూటర్లలోకి ఎక్కించి, ఒక డిజిటల్ భాండాగారంలా దాచుకుంటామన్నారట. ఆ కదలికల మీద హక్కులు వాళ్లవి. నేను జీవితమంతా సాధన చేసినవి ఇవి, నాకు రోజురోజుకూ వయసు పైబడుతుంది, అవి మాత్రం ఎప్పటికీ వాళ్ల ఆస్తిగా ఉండిపోతాయి, అన్నది ఆయన బాధ. ఆ వేషం కాలిన్ చౌ చేశాడు.

ఏఐతో నటుల ముఖాలూ గొంతులూ కాపీ చేయడం మీద ఇప్పుడు ఇంత గొడవ నడుస్తోంది. ఆయన ఆ ప్రమాదాన్ని రెండు దశాబ్దాల ముందే పసిగట్టాడు. ఎలా అంటే, ఆయనకు తన ఆస్తి ఏమిటో స్పష్టంగా తెలుసు. బాక్సర్ ఆస్తి అతని గెలుపులు, వాటిని ఎవరూ కాపీ చేయలేరు. టావోలు ఆటగాడి ఆస్తి కదలికే. మోచెయ్యి ఏ కోణంలో మడవాలి, చూపు ఏ క్షణంలో తిప్పాలి అన్నవి ఎనిమిదేళ్ల వయసు నుంచి ఒంట్లోకి ఎక్కించుకున్నవి. అవి వేరే చేతుల్లోకి పోతే ఆయనకంటూ మిగిలేది ఏదీ ఉండదు.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 2004 సునామీ సమయంలో మాల్దీవుల్లో కుటుంబంతో ఉండి ప్రాణాలతో బయటపడ్డాడు. 2007లో వన్ ఫౌండేషన్ అనే సేవా సంస్థ పెట్టాడు. 'ద వార్‌లార్డ్స్'కు హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యాడు. థైరాయిడ్ జబ్బు, పాత గాయాలు ఒంటిని లాగేశాయి. 2018లో బాగా నీరసంగా కనిపించిన ఒక ఫొటో పట్టుకుని జనం నానా మాటలూ అన్నారు, అది చూసి నాకు చాలా కష్టమేసింది. వుషును ఒలింపిక్స్‌లో చూడాలని ఆయన ఎంతో తిరిగాడు. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ పక్కనే ఒక పోటీ పెట్టారు గానీ పతకాల పట్టికలో చోటివ్వలేదు. డకార్ యూత్ ఒలింపిక్స్ జాబితాలోకి మాత్రం చేరింది. ఈలోగా అదే బీజింగ్ జట్టులో పెరిగిన వూ జింగ్ 2017లో 'వుల్ఫ్ వారియర్ 2'తో చైనా బాక్సాఫీసు రికార్డులు తిరగరాశాడు.

జెట్ లీ గొప్పతనం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఒక్క సీన్ చూడమంటాను. 2002లో జాంగ్ యిమో తీసిన 'హీరో'లో చదరంగం ఆడుకునే చావడి. వాన కురుస్తుంటుంది. ఒక అంధ వృద్ధుడు తంత్రీవాద్యం వాయిస్తుంటాడు. జెట్ లీ, డానీ యెన్ ఎదురెదురుగా నిలబడతారు. ఇద్దరూ వూ బిన్ దగ్గర సాధన చేసినవాళ్లే. ఇద్దరూ కళ్లు మూసుకుంటారు. అక్కడి నుంచి మనం చూసే ఫైట్ వాళ్ల మనసుల్లో జరుగుతున్నదే. బయట ఇద్దరూ కదలకుండా నిలబడే ఉన్నారు, చూరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, ముసలాయన వేళ్లు తీగల మీద ఆడుతున్నాయి. అంతలో తీగ తెగుతుంది, కళ్లు తెరుచుకుంటాయి.